నిచ్చెన మీద విన్న గొంతు

శనివారం మధ్యాహ్నం కాలాపేట వైపు పోయే బస్సులో, డ్రైవరు వెనక రెండో సీట్లో, ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. బస్సు గతుకులో పడితే ఆయన ఎగురుతాడు గాని ఒళ్ళో పెట్టె ఎగరదు. పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులూ చుట్టి పట్టుకుంటాడు. అది రికార్డు ప్లేయరు. ఆయన ఆర్. పట్టాభిరామన్. అరవై మూడేళ్ళ మనిషి. ముప్పై ఏడేళ్ళపాటు పుదుచ్చేరి వీధుల్లో కరెంటు స్తంభాలెక్కి దిగిన లైన్‌మ్యాన్.

పక్క సీట్లో ఆయన స్నేహితుడు చెల్లప్పన్ ఉంటాడు. ఆయనదీ అదే ఉద్యోగం. ఒకడు పైన, ఒకడు కింద, ఒకే నిచ్చెనకు రెండు కొసల్లాగా బతికారు. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. స్తంభం మీదినుంచి ఏం తిట్టుకున్నా సూపర్వైజరుకు అర్థం కాదని అప్పట్లో అదొక సుఖం. ఇప్పుడు చెల్లప్పన్ కాళ్ళ మధ్య ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. స్టెబిలైజరు. రికార్డు ప్లేయరుకు వోల్టేజి ఒక్క పిసరు అటూ ఇటూ కాకుండా చూసుకునేది. దాన్ని మోయడం చెల్లప్పన్ వంతు.

"పాటకంటే ఇది బరువుగా ఉండాదే," అంటాడు ప్రతి వారం.

"వోల్టేజి తగ్గితే పాట చెడతాది. మొయ్యి," అంటాడు పట్టాభిరామన్ ప్రతి వారం.

కాలాపేట దాటాక సరుగుడు తోపు పక్కన రెండు గదుల రేడియో స్టేషను ఉంది. పేరు అలవాణి. పదిహేను కిలోమీటర్లు దాటితే దాని గొంతు వినపడదు. చేపల వేటకు పోయేవాళ్ళకు గాలి, అలల సమాచారం, రైతులకు ఎరువుల సంగతి, పిల్లలకు కథలు, అన్నీ తమిళంలో చెబుతారు. మూడేళ్ళ కిందట అక్కడెవరికో తోచింది, చుట్టుపక్కల ఇంతమంది ఇళ్ళలో తెలుగు మాట్లాడుకుంటున్నారే, వారానికొక గంట వాళ్ళకూ ఇద్దామని. ముందుకొచ్చింది అప్పుడే రిటైరైన పట్టాభిరామన్ ఒక్కడే. భజనలు తెస్తాడనుకున్నారు. ఆయన తెచ్చినవి వేరే పాటలు. సముద్రానికి అవతల, ఆ అవతలకూ అవతల, పత్తిచేలల్లో నడుం వంచినవాళ్ళూ, చర్చి బల్లల మీద లేచి నిలబడినవాళ్ళూ, పొగచూరిన పట్నాల్లో గిటారు మెడ పట్టుకున్నవాళ్ళూ పాడిన పాతపాటలు. బ్లూస్, సోల్, రాక్. మాట ఇంటి తెలుగు. పాట ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు ఆయనకు రాదు. తెలుగు అక్షరాలూ రావు. చెప్పదలచుకున్న తెలుగంతా తమిళ అక్షరాల్లో రాసుకొని చదువుతాడు.

"పాటకు అర్థం అడగబాకండి," అని మొదటి శనివారమే మైకులో చెప్పేశాడు. "కరెంటుకు అర్థం తెలిసే బల్బు ఏస్తా ఉండామా?"

ఆయన భార్య పంకజం ఆ రోజు వంటింట్లో రేడియో పెట్టుకొని విన్నది. సాయంత్రం ఇంటికి రాగానే అడిగింది. "మీ పాట ఊళ్ళో ఒక్క కుక్కకన్నా అర్థమైందా?"

"మన వాకిట్లో కుక్క వింటా ఉండె గదా. లేచి పోలేదే."

"అది పడుకోనుండె."

ప్రతి శనివారం నాలుగింటినుంచి ఐదింటిదాకా కార్యక్రమం. అందులో చివరి నిమిషం మాత్రం రికార్డులది కాదు. పట్టాభిరామన్ మైకుకు దగ్గరగా జరిగి, సిగ్గుపడుతూ, ఒక రాగం కూనిరాగంగా తీస్తాడు. "ఈ పాట ఎవరిదో తెలిసినవాళ్ళు ఫోను చెయ్యండి. మొగమనిషి. లోతు గొంతు. రొంబ మెల్లంగా పాడతాడు," అంటాడు. మూడేళ్ళుగా ఆ గంట నడుస్తున్నది ఆ ఒక్క నిమిషం కోసమే.

ఆ పాటను ఆయన విన్నది ఒకే ఒక్కసారి, పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో.

అవి కార్తీకమాసపు వానలు. ఉద్యోగంలో చేరి ఇరవై రోజులు. ఆ ఉద్యోగం వాళ్ళ నాయనది. ఎన్ని స్తంభాలైనా ఎక్కి దిగిన మనిషి, జ్వరంతో మంచమెక్కి మళ్ళీ దిగలేదు. ఆఫీసువాళ్ళు కొడుకును తీసుకున్నారు. నాయన నడుంపట్టీ కొడుకు నడుముకు రెండు బెజ్జాలు వదులు. పెద్దకొడుకు గనుక అమ్మ ముందు ఏడవలేదు, తమ్ముళ్ళ ముందు ఏడవలేదు. స్తంభం మీద ఎవరూ చూడరు గాని అక్కడ చేతులకు పని ఉంటుంది.

బీచికి మూడో వీధిలో చెట్టుకొమ్మ విరిగి తీగ మీద పడింది. నిచ్చెన వేశారు. కరెంటు తీయబోతున్నామని ముందుగా ఎదురింట్లో చెప్పి రావడానికి చెల్లప్పన్ వెళ్ళాడు. వచ్చి, వీధి చివర స్తంభం దగ్గరికి నడిచి, ఫ్యూజు పీకాడు. పట్టాభిరామన్ పైకెక్కి పాత జాయింటు తెంచి కొత్తది మెలిపెట్టాడు. మనిషి నేల మీద కాలు పెట్టి, దిగానని అరిచాకనే కింద ఉన్నవాడు ఫ్యూజు పెట్టాలి. అది పని నియమం. పట్టాభిరామన్ నాలుగు మెట్లు దిగి, ఇంకా పది మెట్లు ఉండగానే "దిగినాను!" అని అరిచాడు. ఇరవై మూడేళ్ళ తొందర. వీధి చివర చెల్లప్పన్ ఫ్యూజు పెట్టాడు.

నిచ్చెన మీద పట్టాభిరామన్ తలకు సరిగ్గా ఎదురుగా ఎదురింటి పాత మేడ కిటికీ ఉంది. లోపల ఎవరో పాట పెట్టుకున్నారు కాబోలు. కరెంటు పోయినప్పుడు ఆగిన చోటునుంచే రికార్డు కదలడం మొదలుపెట్టింది.

ముందు అది గొంతు కాదు. నేల లోపల చక్రమేదో కదిలినట్టు ఒక మూలుగు. ఆ మూలుగు లేచింది. బావిలోనుంచి చేద పైకి వస్తున్నట్టు, చీకటి కారుతూ, బరువుగా వచ్చి ఒక మాటయింది. తర్వాత ఇంకొక మాట. ఒక్కొక్క మాటనూ నీళ్ళలోనుంచి తీసి, ఒళ్ళు తుడిచి, ఒడ్డున పడుకోబెడుతున్నట్టు ఎవరో మగమనిషి పాడుతున్నాడు. వెనక ఎక్కడో దూరాన ఒక డప్పు, పెద్ద మనిషి గుండెలాగా, ఆలోచించి ఆలోచించి కొట్టుకుంటోంది. ఆ గొంతుకు తొందర లేదు. పోయినవాళ్ళందరూ ఒకచోట కూర్చుని పాడితే ఒక్క గొంతయినట్టు ఉంది.

పట్టాభిరామన్ నిచ్చెన మెట్టు మీదే నిలబడి ఏడ్చాడు. నాయన పోయిన నెలన్నరకు. పాట అయిపోయేదాకా దిగలేదు. తుంపర పడుతుండబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ ఇంటి తలుపు తట్టి అడగాలంటే భాష లేదు, ధైర్యం లేదు. ధైర్యం వచ్చేసరికి ఇల్లు ఖాళీ అయింది. అప్పటినుంచి ఆదివారం సంతలో, పాత ఇళ్ళ సామాన్లు పేవ్‌మెంటు మీద పరిచేచోట, మోకాళ్ళ మీద కూర్చుని రికార్డులు ఏరాడు. రెండు వందల పదకొండు చేరాయి. వెతికినది దొరకలేదు గాని, వెతుకులాటలో దొరికినవాటికి ఆయన బానిసయ్యాడు. కొన్ని పాటలు వింటూ ఇప్పటికీ చెప్పులు విప్పి కూర్చుంటాడు.

చెల్లప్పన్ మాత్రం నలభై ఏళ్ళుగా ఒకటే మాట.

"నేను గూడా ఆ పొద్దు ఆ పాట వింటిని. ఆడమనిషి రా అది."

"నీ చెవుల్లో దూది పెట్టినారా? మొగోడు."

"ఆడమనిషి. డాన్సాడేదానికి తగినట్టుండె."

"డాన్సా! ఆ పాటకు డాన్సాడేవాడు యాడన్నా ఉంటే వాని నాయన పోలేదని అర్థం."

ఫోన్లు వచ్చేవి. పిళ్ళైచావడినుంచి ఒకాయన, అది పాత తమిళ సినిమా పాటేనని పందెం కాశాడు. ఒకామె తన పెళ్ళిలో బ్యాండువాళ్ళు వాయించారంది. స్టేషనులో మీటల బల్ల ముందు కూర్చునే నందిత, యూనివర్సిటీలో చదివే పిల్ల, ఫోనులో పాటలు కనిపెట్టేదేదో ఉందని ఆయన చేత రాగం తీయించింది. ఫోను చాలాసేపు ఆలోచించి, తెలియదని చెప్పింది.

"దానికే తెలియలేదంటే ఆ పాట లేదేమో అంకుల్," అంది నందిత మెల్లగా.

"ఉండాదమ్మా. నేను వింటిని గదా."

ఈ ఏడాది ఏప్రిల్లో స్టేషనువాళ్ళు మర్యాదగానే చెప్పారు. వచ్చే నెలనుంచి పాటలన్నీ కంప్యూటరునుంచే పోతాయి. శనివారం నాలుగింటి గంట వేరే కార్యక్రమానికి ఇస్తున్నాము. ఇంక మూడు శనివారాలు మీవి.

పట్టాభిరామన్ సరేనన్నాడు. ఆ రోజు తిరుగు బస్సు కురుచికుప్పంలో వాళ్ళ స్టాపు చేరింది. దిగబోతూ చెల్లప్పన్ అడిగాడు, "ఏందిరా, గంట పోయిందని దిగులా?"

"గంట పోతే పోనీ. ఆ మనిషి పేరు తెలియకుండానే పోతానేమో రా."

ఆ మూడు శనివారాల్లో మొదటిది ఉత్తచేతులతో పోయింది. రెండో శనివారం స్టేషను మెట్లెక్కాక పట్టాభిరామన్ వెనక్కి తిరిగి చూశాడు.

"స్టెబిలైజరు యాడరా?"

"నీ కాళ్ళకాడ పెడితిని గదా."

"నా కాళ్ళు ఈడుండాయి. అది యాడుండాది?"

చెల్లప్పన్ రోడ్డు వైపు చూశాడు. "బస్సులో."

"బస్సు యాడుండాది?"

"ఇప్పటికి మరక్కాణం దోవలో ఉంటాది."

"నిన్ను ఆడ వదిలి దాన్ని దించుకోనుంటే నాకు పనికొచ్చుండును."

"కోపపడబాక. అదే బస్సు తిరుక్కొని వస్తాది గదా. నేను స్టాపులో నిలబడతా," అని చెల్లప్పన్ ఎండలో రోడ్డు మీదికి పోయాడు.

నాలుగు కావస్తోంది. స్టేషను యంత్రాలన్నీ బ్యాటరీ కరెంటు మీద నడుస్తాయి, వాటికి దిగులు లేదు. ఆ బ్యాటరీ దగ్గర ఇంకో ప్లగ్గుకు చోటు లేదు. పట్టాభిరామన్ దేవుణ్ణి తలుచుకొని తన పాత పెట్టెను గోడ ప్లగ్గుకే పెట్టాడు. ఊరంతా ఏసీలు వేసుకున్న ఎండాకాలం సాయంత్రం. నూతిలో నీళ్ళలాగా వోల్టేజి ఏ నిమిషానికి ఎంత ఉంటుందో చెప్పలేని వేళ.

మూడు పాటలు బాగానే పోయాయి. నాలుగోది ఒక చిన్న రికార్డు. పాతికేళ్ళ కిందట సంతలో దొరికింది. మధ్య కాగితాన్ని పురుగు కొట్టేసింది, పాడినామె పేరు లేదు. హుషారు పాట. డ్రమ్ములు పరుగెత్తుతుంటే ఒక ఆడమనిషి వాటికంటే ముందు పరుగెత్తుతుంది. ఈ మూడేళ్ళలో నాలుగుసార్లయినా వేశాడు. సూది పెట్టి వెనక్కి వాలాడు.

సగం పాటలో ట్యూబులైటు మినుకుమంది. బయటి గదిలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించాయి. రికార్డు బద్ధకించింది. ఆడమనిషి గొంతు జారింది, ఇంకా జారింది, మెట్టు మెట్టుగా దిగి నేలమాళిగలోకి పోయింది. నందిత చెయ్యి పాట ఆపే మీట మీదికి పోయింది.

"అంకుల్! స్పీడు పోతా ఉండాది! తీసేస్తా—"

పట్టాభిరామన్ అరచెయ్యి గాలిలో అడ్డం లేచింది. వద్దు.

పోయినవాళ్ళందరూ ఒకచోట కూర్చుని పాడుతున్నారు. డప్పు ఆలోచించి ఆలోచించి కొట్టుకుంటోంది. ఒక్కొక్క మాటా నీళ్ళలోనుంచి లేచి, ఒడ్డున పడుకుంటోంది. ఆయన, నిచ్చెన మెట్టు మీద ఉన్నట్టు, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. ఇరవై క్షణాలు ఉందో లేదో. ట్యూబులైటు తేరుకుంది. ఆ మగగొంతు లేచి, పలచబడి, నవ్వుతూ ఆడమనిషై పరుగెత్తిపోయింది.

పాట అయిపోయింది. సూది చివరి గీతలో తిరుగుతోంది. పట్టాభిరామన్ మైకును మరిచి, పురుగు కొట్టిన ఆ కాగితం మీదికి వంగి ఉన్నాడు. గాలిలో నిశ్శబ్దం నిమిషం దాటింది. నందిత గాబరాగా చేతికందిన మీట నొక్కింది. కాలాపేటలో వింటున్నవాళ్ళకు ఆ రోజు రెండోసారి అలల ఎత్తు ఎంతో తెలిసింది.

ఐదింటికి చెల్లప్పన్ చెమటలు కక్కుతూ, ఇనుప పెట్టె భుజానేసుకొని వచ్చాడు. "దొరికిందిరా! కండక్టరు మంచోడు..." అంటూ ఆగాడు. పట్టాభిరామన్ సరుగుడు చెట్టుకింద ఇసుకలో కూర్చుని ఉన్నాడు.

"ఆడమనిషే రా," అన్నాడు పట్టాభిరామన్.

చెల్లప్పన్ పెట్టె దించాడు. నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట చేతికొచ్చాక ఏం చేసుకోవాలో తెలియలేదు. "ఎవురు చెప్పినారు?"

"నా రికార్డే చెప్పింది. వోల్టేజి పడిపోతే అదే పాట మొగోని గొంతయిపోయె. సరే, నువ్వు ఆ పొద్దు ఎప్పుడు వింటివి?"

"ఎప్పుడేంది? కరెంటు తీస్తామని చెప్పేదానికి ఆ ఇంటికి పోయినప్పుడు. ఫ్యూజు పెరికేముందు. తలుపుకాడ ఒక్క నిమిషం. పాట గుర్తు లేదు, ఆడగొంతని మాత్రం గుర్తు."

"నేను విన్నది నువ్వు ఫ్యూజు పెట్టినాక."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు పాడారని నలభై ఏళ్ళు కొట్లాడుకున్నారు. ఎప్పుడు విన్నావని ఒక్కసారీ ఒకరినొకరు అడగలేదు.

"అయితే ఫ్యూజు పెట్టినాక వోల్టేజి ఎందుకు తగ్గింది?" అన్నాడు పట్టాభిరామన్. అడుగుతుండగానే ఆయన ముఖం మారింది.

చెల్లప్పన్ మెల్లగా అన్నాడు. "మర్నాడు మళ్ళా అదే పోలు ఎక్కితిమి గదరా. వీధంతా దీపాలు ఎర్రంగా ఉండాయని కంప్లైంటు వచ్చె. చూస్తే నీ జాయింటు లూజు. 'మీ నాయన పేరు చెడపబాక' అని సూపర్వైజరు నిన్ను నడివీధిలో తిట్టె. నువ్వు రొండు దినాలు అన్నం తినలేదు."

మరిచిపోలేదు. ఆ తిట్టునూ ఆ పాటనూ పట్టాభిరామన్ ఎప్పుడూ పక్కపక్కన పెట్టుకోలేదు, అంతే. ఒకటి సిగ్గు, ఒకటి దేవుడు. రెంటినీ మనసులో వేరే వేరే గదుల్లో ఉంచాడు. ఇప్పుడు మధ్య గోడ లేదు. తొందరలో సరిగ్గా మెలిపెట్టని ఒక తీగముడి. అందులోనుంచి కరెంటు ఇరుకుగా, అరకొరగా పోయింది. ఆ అరకొర కరెంటుకు ఒక హుషారు పాట పుట్టెడు దుఃఖమై తిరిగింది. ఆ దుఃఖం తిన్నగా కిటికీలోనుంచి వచ్చి, ఆ ముడి వేసినవాడినే పట్టుకుంది. లోకంలో అలా పాడిన మనిషి లేడు. ఆ రికార్డు చేసినవాళ్ళకు తెలియదు, పాడినామెకు తెలియదు. ఫోనుకు తెలియకపోవడంలో దాని తప్పు లేదు.

ఆ తర్వాత ముప్పై ఏడేళ్ళలో ఆయన జాయింటు ఒక్కటీ వదులు కాలేదు. ఇంట్లోనూ వోల్టేజి ఒక్క పిసరు తగ్గనివ్వలేదు. అంత జాగ్రత్తగా ఆ పాటను తనే తనకు వినపడకుండా చేసుకున్నాడు.

ఇంటికి వెళ్ళి పంకజానికి చెప్పాడు. ఆమె ముద్ద కలుపుతూ మొత్తం విన్నది.

"చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినారు. సరి, ఇంక వెతికేదానికి ఏమీ లేదు గదా. అన్నం తినండి."

"లేదు. కానీ చెల్లప్పన్ ఇంకా వినలేదు పంకజం. ఈ పొద్దు గూడా రోడ్డు మీదుండె."

"ఆయనకు వినిపించాలంటే మళ్ళా ఆ కరెంటు పడిపోవాల గదా?"

"పడిపోదు. నేను పడగొట్టాల."

ఆఖరి శనివారం చెల్లప్పన్‌కు మోయడానికి స్టెబిలైజరు లేదు. దాని బదులు పట్టాభిరామన్ సంచిలో ఒక పాత ఫ్యాను రెగ్యులేటరు ఉంది. గోడకు బిగించే లావుపాటి నల్ల డబ్బా, తిప్పితే కటకటమనేది. స్టేషనులో దాన్ని రికార్డు ప్లేయరు తీగకు మధ్యలో కలిపాడు. కలుపుతున్నప్పుడు నందితకు ఒక్కొక్క ముడీ చూపించాడు. ముడులన్నీ గట్టివి.

ఐదుకు ఏడు నిమిషాలుండగా మైకు దగ్గరికి జరిగాడు. ఈసారి కూనిరాగం తీయలేదు.

"మూడేండ్లుగా మిమ్మల్ని ఒక మొగమనిషి పేరు అడిగి విసిగించినాను. అట్లాంటి మనిషి లేడు. అది ఒక ఆడమనిషి పాట. ముందు ఆమె పాడినట్టే వినండి." పాట పరుగెత్తింది, నవ్వింది, అయిపోయింది. "ఇప్పుడు నేను విన్నట్టు వినండి. నా సర్వీసులో నేను చేసిన చెడ్డ జాయింటు ఒక్కటే. దాని గొంతు ఇది."

సూది మళ్ళీ మొదట్లో పెట్టాడు. రెగ్యులేటరు తిప్పాడు. కట, కట.

గొంతు దిగింది. గాజు కిటికీ అవతల నందిత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. చెల్లప్పన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నవాడు, ఏమనుకున్నాడో, చెప్పులు విప్పాడు. నిచ్చెన కింద నిలబడి ఎన్నో ఏళ్ళు పైకి చూసిన మనిషి, ఇప్పుడూ తల పైకెత్తే వింటున్నాడు. కళ్ళనుంచి కారేది చెవుల్లోకి పోతోంది.

"మొగోడే రా," అన్నాడు చివరకు.

"కాదురా. ఆడమనిషి. రికార్డు నీ ముందరే ఉండాది గదా."

"రికార్డు సంగతి ఎవుడడిగినాడు? చెవికి వినపడతా ఉండేది చెప్తా ఉండా. మొగోడు. ముసలోడు. మీ నాయన వయసుండాది వానికి."

"ఆడమనిషి అని నలభై ఏండ్లు నా ప్రాణం తీస్తివే!"

"అప్పుడు నాకు ఇది తెలియదు గదరా. ఇంకొంచెం తగ్గించు."

"ఇంకా తగ్గిస్తే ఆగిపోతాది."

"ఒక్క కట. ఒక్కటే."

మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉందని నందిత గాజు మీద వేలితో కొట్టింది. ఇద్దరూ చూడలేదు. పిళ్ళైచావడిలో, కాలాపేటలో, ఆ గొంతు వెనకాలే ఇద్దరు ముసలివాళ్ళు మొగా ఆడా అని తగవులాడుకోవడం జనం వింటున్నారు. పట్టాభిరామన్ వేళ్ళు రెగ్యులేటరు మీదికి పోయి, ఒక్క కట తిప్పాయి. చక్రం ఆగబోయి ఆగలేదు. గోడ గడియారంలో ఐదయింది. ఆ గంట ఇప్పుడు వేరేవాళ్ళది. మూడు నిమిషాల పాట మెల్లగా తిరుగుతున్నందువల్ల ఇంకా సగంలోనే ఉంది.